హంతకుడెవరో చెప్పకండేం!

మనవాళ్లను ఎవరినైనా ఆపి "ఆ సినిమా ఎలా ఉందండీ?" అని అడిగి చూడండి. బాగుందనో, బాగాలేదనో ఒక్కముక్కలో తేల్చరు. కథ మొదలుపెడతారు. హీరోయిన్ కట్టిన మొదటి చీర దగ్గర్నుంచి ఆఖరి ఫైటింగులో విలన్ చొక్కా రంగు దాకా పూసగుచ్చినట్టు చెప్పి, చివర్లో "అదీ సంగతి, మీరూ తప్పకుండా చూడండి" అంటారు. ఇంక చూడ్డానికేం మిగిల్చారని! కుటుంబగాథలకైతే దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. గయ్యాళి అత్తగారు ఆఖరి రీల్లో మారిపోతుందని టిక్కెట్టు కొనకముందే అందరికీ తెలుసు. అయినా వెళతాం, ఏడుస్తాం, ముక్కు తుడుచుకుంటూ బయటికొస్తాం. చిక్కల్లా సస్పెన్స్ సినిమాతోనే. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు దాని ప్రాణమంతా ఒక్క రహస్యంలో ఉంటుంది. ఆ చిలక గొంతు నులమడానికి పక్కింటావిడ నోరు చాలు.

ఈ భయం మనదేశంలోనే కాదు, అన్నిచోట్లా ఉంది. లండన్‌లో అగాథా క్రిస్టీ రాసిన 'మౌస్‌ట్రాప్' నాటకం 1952 నవంబరులో మొదలైంది. కోవిడ్ రోజుల్లో మూతపడ్డ కాలం మినహాయిస్తే ఇప్పటికీ ఆడుతూనే ఉంది. ఆట ముగిశాక హంతకుడెవరో బయట చెప్పొద్దని ప్రేక్షకుల్ని బతిమాలుకోవడం అక్కడొక ఆచారం. 1955లో వచ్చిన ఫ్రెంచి సినిమా 'లే డయబాలిక్' చివర తెరమీద అక్షరాలు వేసి మరీ ఇదే మాట వేడుకున్నారు. హిచ్‌కాక్ మహాశయుడు వేడుకోళ్లతో సరిపెట్టుకునే మనిషి కాడు. 1960లో 'సైకో' విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎంతటివాడు వచ్చినా లోపలికి పంపొద్దని థియేటర్లవాళ్లకు షరతు పెట్టాడు. అంతకుముందు అమెరికాలో జనం ఎప్పుడు తీరితే అప్పుడు హాల్లో దూరి, సగం నుంచి చూసి, మళ్ళీ ఆటలో తాము వచ్చిన చోటు రాగానే లేచి వెళ్లిపోయేవారట. సంతలో తిరిగినట్టు! వాళ్లచేత వరసలో నిలబెట్టి సినిమా చూపించిన ఘనత ఆయనది.

మా మొయినాబాదు, చేవెళ్ల వైపు ఆరోజుల్లో ఇలాంటి షరతులు పెట్టి ఉంటే సినిమా చూసేవాడే ఉండేవాడు కాదు. చేవెళ్ల నుంచి హైదరాబాదుకు 40 కిలోమీటర్లు. మర్రిచెట్ల కింద బస్సుకోసం నిలబడితే అది ఎప్పుడొస్తే అప్పుడే ఆట. మా అత్తమ్మ పుట్టినిల్లు చేవెళ్లకు అవతల ఒక పల్లె. ఆవిడ వాళ్లన్నయ్యతో పట్నం వచ్చి చూసిన మొట్టమొదటి సస్పెన్స్ సినిమా 'అవే కళ్లు'. వీళ్లు హాలు చేరేసరికి అప్పటికే ఒక హత్య అయిపోయిందట. "ఎవలు సచ్చిండ్రు?" అని చీకట్లో పక్కామెనడిగితే, ఆ మహాతల్లి చచ్చినవాడి పేరుతోపాటు చంపినవాడి పేరు కూడా చెప్పిందట. రెండోసారి చూస్తోంది కాబోలు! "టికెట్ పైసలు గంగల గల్సినయ్" అని మా అత్తమ్మ ఇప్పటికీ ఆ పక్కామెను తిట్టుకుంటుంది. సినిమాను మాత్రం ఒక్కమాట అనదు. పేరు తెలిసిపోయినా ఆ కళ్లు తెరమీద కనపడ్డప్పుడల్లా వాళ్లన్నయ్య భుజం గిల్లుతూనే ఉందిట.

నేను డిగ్రీలో చరిత్ర చదివాను. రాజుల తేదీలు చాలావరకు మరిచిపోయాను గాని, ఇలాంటి మాట వింటే మాత్రం చెవులు నిక్కబొడుచుకుంటాయి. హంతకుడి పేరు తెలిశాక కూడా ఆవిడకు భయమెందుకు వేసింది?

'అవే కళ్లు' 1967 నాటి సినిమా. ఏవీఎం వారు తీశారు, తిరులోకచందర్ దర్శకత్వం, కృష్ణ, కాంచన నాయికా నాయకులు. తమిళంలో 'అదే కంగళ్' పేరుతో అక్కడి నటులతో అదే కథ తీశారు. అప్పటికి మన ప్రేక్షకులు సస్పెన్స్‌కి కొత్తవారేం కాదు. అద్దెపుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఇంటింటా చుట్టాలైపోయి ఉన్నారు. ఆ పుస్తకాలు పాఠ్యపుస్తకాల మధ్య పెట్టుకు చదివిన తరం అది. 1966లో 'ఆమె ఎవరు?' వచ్చింది, జగ్గయ్య, జయలలితలతో. తెల్లచీర, పొగమంచు, ఎవరో తెలియని ఆడమనిషి. 1964 నాటి హిందీ 'వో కౌన్ థీ'కి అది తెలుగురూపం. ఆ హిందీ కథకు మూలం అంతకు వంద సంవత్సరాల ముందు నాటి విల్కీ కాలిన్స్ ఇంగ్లీషు నవలలో ఉందని సినిమా పండితులు అంటుంటారు. అదే ఏడాది హిందీలో వచ్చిన 'కోహ్రా' హిచ్‌కాక్ తీసిన 'రెబెక్కా'కు దగ్గర చుట్టం. 'రెబెక్కా'కేమో డాఫ్నే డుమారియే రాసిన 1938 నాటి నవల మూలం.

పక్కింటి నుంచి పంచదార బదులు తెచ్చుకోవడం తప్పు కాదు. తెచ్చుకున్న పంచదారతో పాయసం వండి, వాళ్లకే ఒక గిన్నె పంపి "మా పొలంలో చెరుకుదండీ" అంటేనే బాగుండదు. కొందరు హక్కులు కొనుక్కుని తీసేవారు. మరి కొందరు సికింద్రాబాదు ప్లాజాలోనో, ఆ తరువాతి కాలంలో సంగీత్ టాకీసులోనో ఆడిన ఇంగ్లీషు బొమ్మను గుట్టుగా పట్టుకొచ్చేవారు. ఆ హాళ్లు ఇప్పుడు లేవనుకోండి. పల్లెటూరి ప్రేక్షకుడికి మూలం ఏదో తెలిసే దారి లేదు గనుక "కాపీ" అనే మాట మన సినిమా చర్చల్లోకి ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం ఇక వదల్లేదు! ఇప్పుడు ట్రైలరు రాగానే ఇది ఫలానా కొరియా సినిమాకు కాపీ అని ఇంటర్మీడియట్ పిల్లలు తేల్చేస్తున్నారు.

సరే, మా అత్తమ్మ భయం సంగతి. దానికి జవాబు హిచ్‌కాక్ చెప్పిన బాంబు లెక్కలో ఉంది. ఫ్రెంచి దర్శకుడు త్రుఫో 1962లో ఆయన్ను రోజుల తరబడి కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఆ మాటల్లో ఇదొకటి. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని ఏదో కబుర్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్లకింద బాంబు పేలింది. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, 15 సెకన్లు. అదే, బల్లకింద బాంబు ఉందనీ, అది ఒంటిగంటకు పేలుతుందనీ ప్రేక్షకుడికి ముందే చెప్పాడనుకోండి. గోడమీద గడియారం ఒంటిగంట తక్కువ పావు చూపిస్తోంది. ఆ ఇద్దరూ అవే పనికిమాలిన కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇప్పుడు ప్రేక్షకుడు కుర్చీలో కూర్చోలేడు. "లేవండిరా, బల్లకింద చూడండిరా" అని కేకలేయాలనిపిస్తుంది. ఇది 15 నిమిషాలు నడుస్తుంది. కాబట్టి తెలియకపోవడం ఒక్కటే సస్పెన్స్ కాదు. తెలిసీ ఏమీ చేయలేకపోవడం అంతకంటే పెద్ద సస్పెన్స్.

ఆ లెక్కన తెలుగులో అసలైన సస్పెన్స్ సినిమా ఏది అని నన్నడిగితే, నేను చెప్పే పేరు విని మీరు నవ్వొచ్చు. 'సాక్షి'. బాపు గారి మొదటి సినిమా, ముళ్లపూడి వెంకటరమణ గారి రచన, 1967లో వచ్చింది. దాన్ని ఎవరూ సస్పెన్స్ బీరువాలో పెట్టరు. గోదావరి, బల్లకట్టు, పల్లెటూరు... పోస్టరు చూస్తే ఎవరికైనా పల్లెపదం గుర్తొస్తుంది గాని పిస్తోలు గుర్తుకు రాదు. కాని కథ చూడండి. బల్లకట్టు నడుపుకునే అమాయకుడు కిష్టయ్య కళ్లారా ఒక హత్య చూస్తాడు. చూసింది చూసినట్టు కోర్టులో చెబుతాడు. శిక్షపడ్డ రౌడీ తిరిగొచ్చి నీ అంతు చూస్తానంటాడు. ఇక కథలో దాచిందేముంది? హంతకుడెవరో తెలుసు, ఎవర్ని చంపబోతాడో తెలుసు. కిష్టయ్య ఊళ్లోవాళ్ల సాయం అడుగుతాడు. అతణ్ణి మెచ్చుకున్న ఊరే మొహం చాటేస్తుంది. 1952 నాటి అమెరికా సినిమా 'హై నూన్' గుర్తొస్తుందని చాలామంది అన్నారు. గుర్తొస్తే రానీయండి. ఆ పిరికితనం మాత్రం మన ఊరిదే, మన భాషలోదే. కిష్టయ్యగా కృష్ణ వేశారు. అతని పక్కన విజయనిర్మల.

ఇక్కడ నేను మిమ్మల్ని గోదావరి గట్టునుంచి మా ఊరికి తీసుకురావాలి. కారణం లేకపోలేదు.

మొయినాబాదు హైదరాబాదుకు పడమట, 25 కిలోమీటర్ల దూరం. 1908లో మూసీ పొంగి పట్నాన్ని ముంచేశాక నిజాం ప్రభుత్వం రెండు జలాశయాలు కట్టించింది. గండిపేట అని మనం పిలిచే ఉస్మాన్‌సాగర్ ఒకటి, హిమాయత్‌సాగర్ రెండోది. వాటిలోకి నీళ్లు వచ్చే దారి పాడవకూడదని 1996లో 111 నంబరు జీవో వచ్చింది. 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట పడింది. మొయినాబాదు చుట్టుపక్కల ఊళ్లన్నీ అందులోవే, చేవెళ్ల వైపువీ కొన్ని ఉన్నాయి. దాని మంచిచెడ్డల మీద వాదాలు ఇప్పటికీ తెగలేదు. నేను చెప్పొచ్చేది అది కాదు. పట్నం ఓ పక్క మేడల మీద మేడలు కట్టుకుంటూ పోతుంటే మా పక్క తోటలు మిగిలాయి. తోటల్లో బంగళాలు లేచాయి. ఎత్తయిన ప్రహరీ, ఇనప గేటు, లోపల మామిడిచెట్లు, ఎక్కడో ఒక్క దీపం. శనివారం రాత్రి కార్లొస్తాయి, సోమవారానికి ఎవరూ ఉండరు. ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో వేలు పోసి సెట్టు వేసుకున్న పాడుబడ్డ బంగళాలు మాకు రోడ్డుకు అటూ ఇటూ ఉచితంగా ఉన్నాయన్నమాట!

తెల్లవారకముందే పూలబుట్టలతో గుడిమల్కాపూర్ మార్కెట్టుకు బయల్దేరే మా పక్కతోట అక్కను ఓసారి అడిగాను, "అక్కా, ఆ గోడల పక్కనుంచి చీకట్లో పోతుంటే భయం కాదా?" అని. "బయమెందుకు పంతులమ్మా, ఆ ఇండ్లల్ల ఎవలుంటరని? ఉన్నోల్లే మమ్ములను జూసి కుక్కలను ఇడుస్తరు" అంది. నేను పంతులమ్మను కానని ఎన్నిసార్లు చెప్పినా వినదు. పుస్తకాలు రాసేవాళ్లందరూ ఆమె లెక్కలో పంతులమ్మలే.

ఆ తోటల్లో ఒకటి చిలుకూరు దగ్గర విజయనిర్మల గారిది. చిలుకూరు అనగానే మీకు బాలాజీ గుర్తొస్తాడు, వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక మొక్కు తీర్చే 108 ప్రదక్షిణలు గుర్తొస్తాయి. మా ఊరివాళ్లకు దాంతోపాటు "కిష్ణ తోట" కూడా గుర్తొస్తుంది. 2019 జూన్ 27న ఆమె పోతే, మర్నాడు అంత్యక్రియలు ఆ తోటలోనే జరిగాయి. ఆరోజు రోడ్డు పక్కన నిలబడ్డ జనంలో మా అత్తమ్మ కూడా ఉంది. ఎవరి కోసం వచ్చారంటే ఎక్కువమంది "కిష్ణ భార్య పోయింది గద" అన్నారు. నలభైకి పైగా సినిమాలకు దర్శకత్వం వహించి, ప్రపంచంలో మరే ఆడమనిషీ అన్ని తీయలేదని 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కిన మనిషి! ఆమె తెలుగులో మొదట తీసిన 'మీనా' (1973) యద్దనపూడి సులోచనారాణి గారి నవల. నవలలు రాసుకునే నాలాంటిదానికి ఈ సంగతి చిన్నదేం కాదు.

ఆమె గురించి మా ఊళ్లో దాదాపు ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటుంది. 1964లో మలయాళంలో 'భార్గవీనిలయం' అనే సినిమా వచ్చింది. వైకం మహమ్మద్ బషీర్ తన కథనే సినిమాగా రాసిచ్చాడు. విన్సెంట్ దర్శకుడు, ఆ తరువాత మనకు 'ప్రేమ్‌నగర్', 'అడవిరాముడు' ఫొటోగ్రఫీ చేసిన విన్సెంటే. ఒక రచయిత ఏకాంతం కోసం ఒక పాత బంగళా అద్దెకు తీసుకుంటాడు. అందులో భార్గవి అనే చచ్చిపోయిన అమ్మాయి ఉందని ఊరంతా వణుకుతుంది. ఈయన పారిపోడు. ఆమెతో మర్యాదగా మాట్లాడతాడు, నీ ఇంట్లో ఉంటున్నాను, ఏమనుకోకు అన్నట్టు. ఆమె కథ రాయడం మొదలుపెడతాడు. ఆ భార్గవి మన విజయనిర్మలే. ఆమెకప్పుడు 18 ఏళ్లు. ఆ సినిమా ఎంత పాకిందంటే, మలయాళంలో దయ్యాలకొంపలాంటి ఇల్లు దేన్నయినా "భార్గవీనిలయం" అనడం వాడుకైపోయింది. 2023లో ఆ కథనే 'నీలవెళిచం' పేరుతో మళ్ళీ తీశారు. అప్పటికి ఆమె లేదు.

అంతటి దయ్యం చివరకు మా పక్కఊరి మామిడితోటలో విశ్రమించింది. నాకు ఆ గోడ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా బషీరు రచయితలాగా ఓ నమస్కారం పెట్టి పోవాలనిపిస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. 2018 అక్టోబరులో హిందీలో 'అంధాధున్' వచ్చింది. దర్శకుడు శ్రీరామ్ రాఘవన్. పాత సస్పెన్స్ సినిమాలంటే ఆయనకు ప్రాణం. 2007లో తీసిన 'జానీ గద్దార్'లోనే విజయ్ ఆనంద్‌కూ, జేమ్స్ హాడ్లీ ఛేజ్‌కూ బాహాటంగా దండం పెట్టాడు. 'అంధాధున్' మొదట్లో 'ఛాయాగీత్', 'చిత్రహార్' కార్యక్రమాలకు ఈ సినిమా అంకితం అన్నాడు. మనకు దూరదర్శన్‌లో శుక్రవారం చిత్రలహరి ఎలాగో, హిందీవాళ్లకు అవి అలాగ. కథకు బీజం ఒలివియే త్రేనే అనే ఫ్రెంచి దర్శకుడి పావుగంట కూడా లేని పొట్టి సినిమా, 2010 నాటిది. ఆ మాట రాఘవన్ దాచలేదు. జాతీయ అవార్డు కూడా ఆ స్క్రీన్‌ప్లేకు అనుసరణల విభాగంలోనే వచ్చింది. చూశారా, బదులు తెచ్చుకున్న పంచదార లెక్క! చెప్పి తెచ్చుకున్నాడు, చెప్పి వండాడు, మెప్పూ పొందాడు.

కథ ఎంతవరకు చెప్పాలో అంతవరకే చెబుతాను. కళ్లు లేవని లోకమంతా అనుకునే ఒక పియానో కుర్రాడు. ఒకప్పటి సినిమా హీరో పెళ్లిరోజుకు భార్యను ఆశ్చర్యపరుద్దామని ఆ కుర్రాణ్ని ఇంటికి పిలుస్తాడు. కుర్రాడు వెళ్లేసరికి ఆ హీరో శవమై నేలమీద ఉంటాడు. శవం పక్కనే పియానో వాయించాల్సి వస్తుంది. హిచ్‌కాక్ 'రియర్ విండో'లో (1954) కాలు విరిగి కిటికీ దగ్గర కూర్చున్నవాడు అంతా చూస్తాడు గాని కదల్లేడు. ఇక్కడ కుర్రాడు కదలగలడు గాని, చూసినట్టు ఒప్పుకోకూడదు. మళ్ళీ సాక్షే. బల్లకట్టు కిష్టయ్యకు పట్నంలో తమ్ముడు. ఆయన చూశానన్నందుకు కష్టాలు పడ్డాడు, ఈయనకు చూడలేదంటేనే బతుకు.

ఆ పాత హీరో వేషం అనిల్ ధవన్ చేత వేయించారు. 1970లలో ఆయన నిజంగానే హిందీ హీరో. సినిమాలో ఆయన తన పాత పాటలు తానే చూసుకుని మురిసిపోతుంటాడు. అవి నిజంగా ఆయన పాటలే. దీన్ని 2021లో మేర్లపాక గాంధీ తెలుగులో 'మాస్ట్రో'గా తీశారు. నితిన్, తమన్నా, నభా నటేష్. అది హాళ్లకు రాలేదు, సెప్టెంబరు 17న నేరుగా హాట్‌స్టార్‌లో ఇళ్లలోకే వచ్చింది. చచ్చిపోయే పాత హీరో వేషం ఎవరికిచ్చారో తెలుసుగా? నరేష్‌కి. 1982లో జంధ్యాల 'నాలుగు స్తంభాలాట', 1984లో 'శ్రీవారికి ప్రేమలేఖ'. విజయనిర్మల గారి అబ్బాయి.

మా ఇంట్లో ఆ సినిమా ముగ్గురం చూశాం. నేను, మా అత్తమ్మ, సెలవులకు వచ్చిన మా ఆడబిడ్డ కూతురు. సినిమా ఒకటే గాని ముగ్గురం మూడు చూశామని అయిపోయాక తెలిసింది.

మా మేనకోడలు హిందీది అప్పటికే రెండుసార్లు చూసింది. ఆ పిల్లకు ఇది పరీక్ష పేపరు దిద్దడం. "అత్తా, ఇక్కడ టబు ఒక్క చూపు చూస్తుంది, అది చాలు. ఈమె చూడలేదు" అని ఒక మార్కు కోత. "సీను సీను దించేశారు, అంత మాత్రానికి మళ్ళీ తీయడమెందుకు?" అని రెండు మార్కుల కోత. ఆరోజుల్లో చాలామంది మాట ఇదే. హిందీ చూసినవాళ్లు పోలికలు తీసి పెదవి విరిచారు, చూడనివాళ్లు ఊపిరి బిగబట్టి చూశారు. ఏమాటకామాట చెప్పుకోవాలి, పిల్ల చెప్పినదాంట్లో తప్పేం లేదు. టబు మన హైదరాబాదు పిల్ల, ఆ చూపు ఆమెకు పుట్టుకతో వచ్చింది. కాని ఒక సినిమాను మరో సినిమా పక్కన నిలబెట్టి మాత్రమే చూడగలిగిన ప్రేక్షకుడికి, సినిమా చూస్తున్నంతసేపూ సినిమా కనపడదు. ఆ మాట ఆ పిల్లతో అంటే, "నీకు తెలీదులే అత్తా" అని ఫోను తీసుకుంది.

నా చూపంతా పక్కింటి ముసలామె మీద. అలాంటి కథల్లో తలుపు సందులోంచి చూసే పెద్దావిడ ఒకరుంటారు. చూడటం తప్ప మరేదీ తోచని ఒంటరి మనిషి. ఆమెకు ఏమవుతుందో చెప్పను. అరవై ఏళ్లుగా సస్పెన్స్ సినిమాల్లో ఆడది కెవ్వున అరవడానికో, తెల్లచీర కట్టుకుని పాడటానికో, లేకపోతే చావడానికో ఉండేది. 'అంధాధున్' కథలో ఆడది పన్నాగాలు పన్నుతుంది. ఇది ఎదుగుదలేనా అంటే తడుముకుంటాను గాని, తెర ముందు కూర్చున్న ఆడవాళ్లకు కాస్త కొత్తగాలి తగిలిన మాట మాత్రం నిజం. పూలతోట అక్క మర్నాడు ఫోనులో చూసి వచ్చి చెప్పిన అభిప్రాయం ఇంకా గట్టిది. "గంత పెద్దింట్ల పనిమనిషి లేదా పంతులమ్మా? ఉంటే ఆమెకు అన్ని తెలుస్తుండె. సిన్మ అర్ధగంటల ఒడుస్తుండె." ఇంత తేలిగ్గా ఒక థ్రిల్లరును కూలగొట్టిన సమీక్షకుణ్ని నేను పత్రికల్లో చదవలేదు.

మా అత్తమ్మ మాత్రం హత్య జరిగిన దగ్గర్నుంచి మాట్లాడలేదు. కథ మలుపు తిరిగింది, మళ్ళీ తిరిగింది, మా మేనకోడలు "ఇప్పుడు చూడు అమ్మమ్మా" అంటూనే ఉంది. ఆవిడ ఎక్కడో ఉంది. అయిపోయాక అడిగితే ఒక్కటే అంది.

"విజయనిర్మల కొడుకును సంపిండ్రు."

"అమ్మమ్మా, అది సినిమా. ఆ పాత్ర పేరు మోహన్!"

"ఏ మోహనో నాకేమెర్క. తల్లి పోయి మూడేండ్లు గాలె. నేను ఆడ్నే నిలవడ్డ గద. ఆ పిల్లగాడు ఎట్ల ఏడ్చిండో సూశిన. మల్ల వాన్ని గట్ల నేలమీద పండవెడ్తె నాకు సినిమేం గనవడుతది?"

మా మేనకోడలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అనిల్ ధవన్‌ను ఆ వేషానికి పెట్టినప్పుడు రాఘవన్ కోరుకున్నది ఇదే. తెరమీద చచ్చినవాడు ఒక పాత్ర మాత్రమే కాకూడదు. ప్రేక్షకుడి యవ్వనంలోంచి ఒక ముక్క నేలమీద పడి ఉండాలి. అనిల్ ధవన్ ఎవరో మాకు తెలియదు గనుక హిందీది చూసినప్పుడు నాకూ ఆ దెబ్బ తగల్లేదు, మా పిల్లకూ తగల్లేదు. తెలుగులో సీను సీను దించేశారంటున్న ఈ సినిమాలో, దించుకోవడానికి వీల్లేనిది ఒకటి మా అత్తమ్మకు దొరికింది. దర్శకుడు ఉద్దేశించినా, ఉద్దేశించకపోయినా. గూఢచారి 116గా, 'అవే కళ్లు' హీరోగా మనకు సస్పెన్స్ రుచి చూపించిన కృష్ణ ఇంట్లో పెరిగిన పిల్లవాడు, భార్గవీనిలయపు దయ్యం కొడుకు, పాత సస్పెన్స్ సినిమాలకు దండం పెట్టే కథలో శవమై పడుకున్నాడు. నివాళి అని మనం అనే ఆ మాట తెరమీద ఉండదు. చూసేవాళ్ల జ్ఞాపకంలో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మా మేనకోడలికి హిచ్‌కాక్ ఎవరో తెలుసు, కొరియా దర్శకుల పేర్లు పది చెబుతుంది. విజయనిర్మల ఎవరంటే "మహేష్‌బాబు వాళ్ల ఇంట్లో..." అని ఆగిపోయింది.

అందుకని ఆ ఆదివారం 'సాక్షి' పెట్టాను. పిల్ల మొహం మాడ్చుకుంది. నలుపు తెలుపు, పైగా హంతకుడెవరో మొదట్లోనే చెప్పేస్తారట! ఇందులో సస్పెన్స్ ఏముందత్తా అంది. మా అత్తమ్మ దాన్ని పెళ్లి కాకముందు డేరా టాకీసులో, కింద చాప పరుచుకుని చూసిందట. రెండుచోట్ల రీలు తెగిందని కూడా గుర్తుంది. ఇప్పుడు కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. విజయనిర్మల కనపడగానే "సూడు, ఈమెనే" అని మనవరాలి తొడమీద ఒకటి వేసింది.

సగం దాటాక పిల్ల చేతిలో ఫోను కింద పెట్టింది. కిష్టయ్య ఊళ్లో సాయం అడుగుతున్నాడు. "ఎవ్వలు రారు, సూస్తుండు" అంది మా అత్తమ్మ.

"అమ్మమ్మా, చెప్పకు!"

"నేనేం జెప్తలేనే. ఊరి సంగతి జెప్తున్న" అంది ఆవిడ.